చూపు పోయాక వికలాంగుల సంఘం పెట్టాలనుకుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను లెక్కల మాస్టారిని. ప్రకాశం జిల్లాలో ఒక మండల కేంద్రంలో పనిచేస్తున్నాను. గ్లాకోమా వచ్చి, అదే మా పెద్దలు నీటికాసులు అనేది, మొదట పక్కచూపు పోయింది, తర్వాత ఎదుటి చూపూ పోయింది. 42వ ఏట నల్లబల్ల మీద నేను రాసిన అంకె నాకే కనబడలేదు. మరో నాలుగేళ్లకు పదకొండుమందిమి కలిసి వికలాంగుల సంఘం పెట్టుకున్నాం. అప్పటినుంచి ఇతర మండలాల వాళ్లు ఫోను చేసి అడిగేవి ఇంచుమించు ఇవే. ఒకే జవాబు ఇరవైసార్లు చెప్పాక రాసిపెట్టడమే నయమనిపించింది.

నాకు చూపు పోయి ఆరు నెలలైంది. ఇప్పుడే సంఘం పెట్టవచ్చా?

చట్టం అడ్డుపడదు. నేను మాత్రం ఆగమంటాను. ఆ ఆరు నెలల్లో నేను సంఘం పెట్టి ఉంటే అది నా ఏడుపుకు ఒక లెటర్‌హెడ్ అయి ఉండేది. ముందు తెల్లకర్ర పట్టుకుని ఒంటరిగా బస్టాండు దాకా వెళ్లి రావడం నేర్చుకోండి. ఫోను తెర మీద ఉన్నదాన్ని ఫోను చేతే చదివించుకోవడం నేర్చుకోండి. సికింద్రాబాద్‌లో జాతీయ దృష్టి వికలాంగుల సాధికారత సంస్థకు ప్రాంతీయ కేంద్రం ఉంది. దాని ప్రధాన కార్యాలయం డెహ్రాడూన్‌లో. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తిరిగి రాని వారికి పునరావాస విభాగం ఉంది. రెండింటిలో ఏదో ఒక గడప తొక్కండి.

ఇంకొక మాట. పోయిన చూపు నిజంగా తిరిగి రానిదేనా అని మరో వైద్యుడిని అడిగి తేల్చుకోండి. శుక్లాలైతే ఆపరేషన్‌తో వస్తుంది. నీటికాసులైతే పోయింది రాదు గానీ ఉన్నది నిలుపుకోవచ్చు, పైగా అది కుటుంబాల్లో నడిచే జబ్బు. మా తమ్ముడికి పరీక్ష చేయిస్తే మొదటి దశలోనే దొరికింది, ఇప్పుడు చుక్కల మందు వేసుకుంటూ మోటారుసైకిలు నడుపుతున్నాడు.

ముందుగా నా దగ్గర ఏ కాగితం ఉండాలి?

సదరం ధ్రువపత్రం, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ వైద్యులు తేల్చి ఇచ్చే కాగితం. యూడీఐడీ కార్డు, అంటే దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు. ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు తీసుకుని ప్రభుత్వ ఆసుపత్రి శిబిరానికి వెళ్లాలి. తెలంగాణలోనైతే మీసేవలోనో యూడీఐడీ పోర్టల్‌లోనో అడగండి. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉంటేనే పింఛను, రిజర్వేషన్ వంటివి వర్తిస్తాయి.

చట్టం లెక్కలో అంధత్వమంటే పూర్తి చీకటే కానక్కరలేదు. మంచి కంటికి అద్దాలు పెట్టినా చూపు 3/60 కంటే తక్కువున్నా, చూపు వెడల్పు 10 డిగ్రీల కంటే తక్కువున్నా అంధత్వమే. 3/60 అంటే, మామూలు కంటికి 60 మీటర్ల నుంచి కనబడేది మనకు 3 మీటర్లకు వస్తే గానీ కనబడదని. నీటికాసుల వాళ్లు ఆ 10 డిగ్రీల మాట బాగా గుర్తుంచుకోవాలి. మనకు అక్షరాల చార్టు చదివే శక్తి చాలాకాలం బాగానే ఉంటుంది, కుంచించుకుపోయేది వెడల్పు. నా పరీక్షలో చార్టు చూపించి పంపించేయబోతే, జేబులోంచి ఫీల్డ్ పరీక్ష, అంటే చూపు వెడల్పు కొలిచే పరీక్ష, కాగితాలు తీసి చేతిలో పెట్టాల్సి వచ్చింది.

ఉద్యోగం మానేసి సంఘానికే సమయమంతా ఇద్దామనుకుంటున్నాను. ఆఫీసులో కూడా మానేయమనే అంటున్నారు.

దయచేసి ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. నాకూ చెప్పారు, ఎంతో ప్రేమగా: "మాస్టారూ, ఇక ఇంట్లో విశ్రాంతి తీసుకోండి" అని. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ నాలుగో భాగం చదివించుకోండి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన వారిని ప్రభుత్వ సంస్థ తీసివేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పని చేయలేకపోతే అదే జీతంతో, అవే సౌకర్యాలతో మరో పోస్టుకు మార్చాలి. అదీ కుదరకపోతే తగిన పోస్టు దొరికేదాకా, లేదా పదవీ విరమణ వయసు దాకా అదనపు పోస్టు సృష్టించి ఉంచుకోవాలి. 1995 నాటి పాత చట్టంలో ఇదే రక్షణ 47వ సెక్షన్‌గా ఉండేది. 2003లో కునాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది.

నేను ఇప్పటికీ లెక్కలు చెబుతున్నాను. బల్ల మీద రాసేది పిల్లలు. వాళ్లు తప్పు రాస్తే, రాస్తూ పైకి చదువుతారు కాబట్టి నాకు తెలిసిపోతుంది. సంఘం పదవి తీసుకునే ముందు మాత్రం పై అధికారికి రాతపూర్వకంగా తెలిపి అనుమతి తీసుకోండి. ప్రైవేటు ఉద్యోగులకు ఈ సెక్షన్ వర్తించదు, కాబట్టి వాళ్లు మరింత ఆలోచించి అడుగు వేయాలి. నెల జీతం లేని వ్యవస్థాపకుడు ఏడాది తిరిగేసరికి సంఘం డబ్బు వైపు చూడక తప్పని స్థితికి వస్తాడు. మంచివాళ్లు కూడా.

అంధుల సంఘం పెట్టాలా, అన్ని రకాల వికలాంగులకూ కలిపి పెట్టాలా?

నగరమైతే అంధుల సంఘం నడుస్తుంది. మండలంలో అందరినీ కలుపుకోక తప్పదు, కలుపుకుంటేనే మేలు. పాత చట్టం గుర్తించిన వైకల్యాలు 7, 2016 చట్టం గుర్తించినవి 21. తలసేమియా, సికిల్ సెల్ ఉన్నవాళ్లు, యాసిడ్ దాడికి గురైనవాళ్లు కూడా అందులో ఉన్నారు. మా మొదటి పదకొండుమందిలో చూపు లేనివాళ్లం ముగ్గురమే. పోలియో వచ్చినవాళ్లు నలుగురు, వినబడనివాళ్లు ఇద్దరు, మానసిక ఎదుగుదల తక్కువున్న పిల్లల తల్లులు ఇద్దరు.

కలిసి కూర్చోవడమే ఒక చదువు. మొదటి సమావేశం ఒక పెద్దమనిషి ఉచితంగా ఇచ్చిన హాల్లో పెట్టాను. అది మేడ మీద ఉంది. నాకు మెట్లు ఇబ్బంది కాదు, అందుకే తోచలేదు. పోలియో కాళ్లకు ఆసరాగా కాలిపర్స్ వేసుకునే మిత్రుడిని ఇద్దరు కుర్రాళ్లు ఎత్తుకుని పైకి తెచ్చారు. ఆ రోజంతా అతను ఒక్క మాట మాట్లాడలేదు. వారం తర్వాత ఇంటికొచ్చి చెప్పాడు: "మాస్టారూ, మిమ్మల్ని ఎవరైనా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తే మీకు కోపం వస్తుందని చెబుతారే. నన్ను బస్తాలా మోసుకొచ్చారు." అప్పటినుంచి బడి వరండాలోనే కూర్చుంటున్నాం. అతనే ఇప్పుడు మా అధ్యక్షుడు.

వినబడనివారు, కనబడనివారు ఒకే సమావేశంలో ఎలా మాట్లాడుకుంటారు?

మొదట హాజరు వేస్తాం. ఎవరి పేరు వాళ్లే చెప్పాలి, దాంతో ఎవరు ఎక్కడ కూర్చున్నారో మాకు తెలుస్తుంది. ఒకరి తర్వాత ఒకరే మాట్లాడాలి. తల ఊపితే లెక్కలోకి రాదు, నోటితో చెప్పాలి. వినబడనివాళ్ల ముందు మాటను తెలుగు అక్షరాలుగా మార్చే ఫోను పెడతాం. అది మా యాసను అప్పుడప్పుడు వింతగా రాస్తుంది, "సదరం" అంటే "సాదరం" అని, అయినా పని జరుగుతుంది. చదువురాని, సంజ్ఞలే భాషగా ఉన్నవారికి మాత్రం ఫోను పనికిరాదు. సంజ్ఞా భాష తెలిసిన మనిషి కావాలి. మాకు ఆ మనిషి ఒక సభ్యుడి చెల్లెలు. ఆమె రాని నెల సమావేశం వాయిదా వేస్తాం.

పేరులో వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా?

2015 డిసెంబరులో ప్రధాని రేడియో ప్రసంగం తర్వాత ప్రభుత్వ కాగితాల్లో దివ్యాంగులు అన్న మాట స్థిరపడింది. ఊళ్లో హక్కుల కోసం తిరిగే సంఘాలు ఎక్కువగా వికలాంగులనే అంటాయి. మేం ఓటు వేసుకున్నాం, "వికలాంగులు" అన్న మాటకే ఏడు ఓట్లు పడ్డాయి. నాలో దివ్యమైనదేదీ నాకు కనబడలేదు కనుక నా ఓటూ అటే.

రిజిస్ట్రేషన్‌కు ఎంతమంది కావాలి? ఏం చేయాలి?

2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు. విభజనకు ముందు వచ్చిన చట్టం కనుక రెండు రాష్ట్రాల్లోనూ అదే నడుస్తోంది. జిల్లా రిజిస్ట్రారు దగ్గర సంఘ ఒప్పంద పత్రం, నియమావళి, సభ్యుల ఆధార్ ప్రతులు, కార్యాలయ చిరునామాకు ఆధారం ఇస్తారు. తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, కార్యవర్గం జాబితా దాఖలు చేయాలి. చాలా సంఘాలు ఈ చివరి పని మరచిపోయి మూడో ఏట గ్రాంటు అడిగే నాడు తలపట్టుకుంటాయి.

నియమావళి గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. డీటీపీ సెంటరు అబ్బాయి ఏదో క్రికెట్ క్లబ్బు నియమావళిలో పేరు మార్చి ఇస్తానన్నాడు, మూడొందలకే. అది పాత డీటీపీ ఫాంటులో ఉంది. నా కంప్యూటర్‌లోని ఎన్‌వీడీఏ, అది తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్, దాన్ని తెరవగానే అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు వరుసగా చదవడం మొదలుపెట్టింది. అంటే నా సంఘం నియమాలు నాకు తప్ప అందరికీ తెలుస్తాయి! అంతా యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే అక్షరాల్లో, మళ్లీ టైపు చేయించాను. మీరు కూడా మొదటి రోజే చెప్పండి: సంఘం ప్రతి కాగితమూ యూనికోడ్‌లో ఉండాలి, స్కాన్ చేసిన బొమ్మ రూపంలో ఉంటే పక్కనే దాని పాఠమూ ఉండాలి. దీన్ని నియమంగా రాసుకున్నాం. మీరు చదవలేని కాగితం మీద మీరు సంతకం చేస్తున్నంతకాలం సంఘం మీది కాదు, చదివి పెట్టేవాడిది.

రెండో నియమం కార్యవర్గం గురించి. మూడింట రెండువంతుల మంది వికలాంగులై ఉండాలని రాసుకున్నాం. ఇది మా తెలివి కాదు. చూపు మందగించి వైద్యవృత్తి వదులుకున్న టామస్ ఆర్మిటేజ్ 1868లో లండన్‌లో ఒక సంఘం పెట్టాడు. ఇప్పటి బ్రిటన్ జాతీయ అంధుల సంస్థకు అదే మూలం. అప్పట్లో అంధుల కోసం రకరకాల ఉబ్బెత్తు లిపులు పోటీ పడుతుండేవి, ఎవరికి వారు తమ లిపే గొప్పదనేవారు. ఆర్మిటేజ్ తన కార్యవర్గంలో చూపు లేనివారినే పెట్టుకున్నాడు. వారికి కనీసం మూడు లిపులు వచ్చి ఉండాలి, ఏ లిపి మీదా ఆర్థిక లాభం ఉండకూడదు. వాళ్లు వేళ్లతో తడిమి తేల్చింది బ్రెయిలీ. 1951లో మన భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ వచ్చింది గనుక, ఆ వేళ్ల తీర్పు మన దాకా వచ్చినట్టే.

రిజిస్ట్రేషన్ లేకుండా మొదలుపెట్టలేమా?

పెట్టవచ్చు, నిజానికి అదే మంచిది. 2000 తర్వాత వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం రోజుల్లో ఉమ్మడి రాష్ట్రంలో వికలాంగుల స్వయం సహాయక బృందాలు, వాటిపై మండల వికలాంగుల సమాఖ్యలు ఏర్పడ్డాయి. మీ మండలంలో పాత సమాఖ్య పుస్తకాలు ఎవరి బీరువాలోనో ఉండి ఉంటాయి, ముందు వాటిని వెతకండి. ఇప్పటి నిబంధనల ప్రకారం కూడా వికలాంగుల పొదుపు బృందానికి ఐదుగురు చాలు, ఆడామగా కలిసి ఉండవచ్చు. మేం ఏడాదిన్నర నెలకు 50 రూపాయల పొదుపుతోనే నడిచాం. ఎవరు నెలనెలా వస్తారో, ఎవరు ఫొటో రోజే వస్తారో ఆ ఏడాదిన్నరలో తెలిసిపోయింది.

బ్యాంకులో ఖాతా ఇవ్వడానికి వేలిముద్ర అడుగుతున్నారు. ఏం చేయాలి?

సంతకం చేయండి. నాకూ "వేలిముద్ర అయితే మీకే క్షేమం కదా మాస్టారూ" అన్నారు. ముప్పై ఏళ్లుగా పిల్లల మార్కుల జాబితాల మీద చేసిన సంతకం నా చేతిలో ఇంకా ఉంది, కంటితో పాటు పోలేదు. చూపు లేనివారికి చెక్కుపుస్తకం, ఏటీఎం, ఇంటర్నెట్ బ్యాంకింగ్, లాకరు అన్నీ వివక్ష లేకుండా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2008 జూన్‌లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ సర్క్యులర్ ప్రతి జేబులో పెట్టుకుని వెళ్లండి. ఏటీఎం కార్డంత అట్టముక్కలో సంతకమంత కిటికీ కోసుకుంటే, గీత ఎక్కడుందో ఎవరూ వేలు పట్టి చూపనక్కరలేదు. ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా పెట్టండి, రెండో సంతకం మీ ఇంటివారిది కాకుండా చూడండి.

లెక్కలు ఎలా చూసుకుంటారు? మోసం జరిగితే?

జరుగుతుందేమో అన్న భయంతోనే పద్ధతి పెట్టుకోవాలి. మా కోశాధికారికి వినబడదు, నాకు కనబడదు. అతను రాసింది నా ఫోను నాకు చదువుతుంది, నేను అన్నది అతని ఫోను అతనికి రాసి చూపిస్తుంది. మా ఇద్దరికీ గొడవైతే చూసేవాళ్లకు భలే వినోదం. ప్రతి నెలా సమావేశంలో జమాఖర్చులు పైకి చదవాలి, రెండు రూపాయల జిరాక్సు కూడా. నగదు వీలైనంత తగ్గించండి. కొత్త నోట్లు పొడవులో తేడాగా ఉంటాయి, వంద 142 మిల్లీమీటర్లు, రెండువందలు 146, ఐదువందలు 150. ఆ నాలుగు మిల్లీమీటర్లు విడిగా ఒక్క నోటు పట్టుకుంటే వేలికి తెలియవు, పక్కపక్కన పెడితేనే తెలుస్తాయి. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ నోటు విలువ పలుకుతుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటి రెండేళ్లు మీ సభ్యుల చందా, ఊరి వాళ్ల విరాళం. అంతే. ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ అని అందరూ పిలిచే నమోదులు చేయించుకోండి, మొదటిది సంఘానికి పన్ను మినహాయింపు కోసం, రెండోది దాతలకు. స్వచ్ఛంద సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే దర్పణ్ పోర్టల్‌లో పేరు ఎక్కించండి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కావాలంటే 2021 నుంచి సీఎస్ఆర్-1 నమోదు తప్పనిసరి. విదేశీ విరాళాల ఊసు ఇప్పుడే వద్దు: కనీసం మూడేళ్ల ఉనికి, ఆ కాలంలో 15 లక్షల ఖర్చు చూపించాలి. అమెరికాలో ఉన్న మేనల్లుడు అమెరికా పౌరులైన తన స్నేహితుల చేత నేరుగా సంఘం ఖాతాకు పంపిస్తానంటే ఆపండి, అది నేరమవుతుంది.

హాస్టలో, శిక్షణ కేంద్రమో నడపాలనుకుంటే సొసైటీ రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలదు. 2016 చట్టం 50వ సెక్షన్ ప్రకారం విడిగా ధ్రువపత్రం ఉండాలి.

మొదటి ఏడాది ఏ పని పెట్టుకోవాలి?

ఊరూరా తిరిగి జాబితా రాయండి. ఎవరికి సదరం ఉంది, ఎవరికి లేదు, ఎవరికి పింఛను ఆగింది. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో 3,000 నుంచి 6,000 రూపాయలైంది, తెలంగాణలో 2023లో 4,016 అయింది. ఆ డబ్బు మీద ఒక ముసలి తల్లి మందులు, ఒక పిల్లవాడి చదువు నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ఈ పింఛన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు నోటీసు అందిన వాళ్లలో కొందరికి అందులో ఏముందో చదివి చెప్పే దిక్కు లేదు. మేం మూడు వారాలు అదే పని చేశాం, అప్పీలు రాయడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం. సంఘం అంటే ఏమిటో ఊరికి అప్పుడే అర్థమైంది.

రెండో పని ర్యాంపులు. ఇప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలను నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో అందరూ వెళ్లగలిగేలా మార్చాలని చట్టం. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు 2022తో తీరిపోయింది. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఏం చేశారో అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. జవాబు రాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు రాయండి. ఒక కార్యాలయంలో మా దరఖాస్తు తర్వాత ర్యాంపు కట్టారు, సంతోషమే, కానీ అది జారుడుబల్లంత ఏటవాలుగా ఉంది. మా అధ్యక్షుడు దాన్ని ఎక్కబోయి వెనక్కి వచ్చాడు. ప్రతి అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలని ఇంజినీరుకు లెక్కల మాస్టారు చెప్పాల్సి వచ్చింది.

దాతలు వచ్చి దుప్పట్లు పంచుతామంటున్నారు. ఫొటోలు కావాలట.

దుప్పటి తీసుకోవచ్చు. వరుసగా నిలబెట్టి ఫొటో తీయడానికి మేం ఒప్పుకోం. ఇద్దరు దాతలు అలిగి వెళ్లిపోయారు, మూడో ఆయన నిలిచాడు.

ఎన్నికలప్పుడు వేదిక మీదికి పిలుస్తారు కదా?

పిలుస్తారు. అన్ని పార్టీలకూ ఒకే వినతిపత్రం ఇస్తాం, ఎవరి కండువా కప్పుకోం. సభ్యులు ఇంటికి వెళ్లాక ఎవరి ఇష్టం వారిది.

ఇంట్లో వాళ్లు వద్దంటున్నారు. "నీకే ఒకరు తోడు కావాలి, నువ్వు ఊరికి ఏం చేస్తావు" అంటున్నారు.

మా ఆవిడా అదే అంది, తిడుతూ కాదు, భయపడుతూ. మొదటి ఏడాది సంఘం కాగితాలన్నీ ఆమే చదివేది, వంట చేస్తూ, స్టవ్ పక్కన నిలబడి. ఒక రాత్రి అప్పీలు మధ్యలో ఆపి, "నేను మీ సంఘంలో ఉద్యోగినా?" అని అడిగింది. నాకు జవాబు లేదు. మర్నాడే కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ పెట్టించుకున్నాను. మీ భార్యను, కొడుకును సంఘానికి కళ్లుగా పెట్టుకోకండి. వాళ్లు అలిసిపోతే మీ సంఘమే ఆగిపోతుంది.

వ్యవస్థాపకుడిగా ఎంతకాలం పదవిలో ఉండాలి?

ఆర్థర్ పియర్సన్ అని లండన్‌లో ఒక పత్రికాధిపతి, డైలీ ఎక్స్‌ప్రెస్ ఆయన పెట్టిందే. నాలాగే నీటికాసులతో చూపు పోయింది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం సెయింట్ డన్‌స్టన్స్ పెట్టాడు. 1921లో ఆయన పోయాడు, సంస్థ ఆగలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో, దాని పేరుతోనే డెహ్రాడూన్‌లో మన సైనికులకు ఒక ఆశ్రయం వెలిసింది. పైన చెప్పిన జాతీయ సంస్థకు పునాది అదే. అప్పటికి ఆయన పోయి ఇరవై రెండేళ్లు.

మా నియమావళిలో కార్యదర్శికి వరుసగా రెండు కాలాలే, ఒక్కో కాలం మూడేళ్లు. నాకు వచ్చే జూన్‌తో ఆరేళ్లు నిండుతాయి. కొత్త కార్యదర్శి ఇంటర్ చదివిన అమ్మాయి, చక్రాల కుర్చీలో వస్తుంది. ఇప్పటినుంచే ఈ ప్రశ్నలకు జవాబులు ఆమే చెబుతోంది, నాకంటే తక్కువ మాటల్లో. సంఘం ఫోను మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. దానిలోని నంబర్లన్నీ ఆమెకు ఎక్కించడానికి ఈ ఆదివారం కూర్చుంటున్నాం.